ఔషధ పంపిణీ ప్రమాణాల చారిత్రక పరిణామం: నిల్వ నుంచి ప్రయాణం దాకా

వ్యాససంగ్రహం:
ఔషధాన్ని భద్రపరచడంపై భారతీయ వైద్యగ్రంథాలు ప్రాచీనకాలం నుంచే శ్రద్ధ చూపాయి. ఔషధం ప్రయాణంలో ఉన్నప్పుడు దాని బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా రూపుదిద్దుకుంది. మశూచి టీకా చరిత్ర, 1940 నాటి ఔషధచట్టం, కోల్డ్ చైన్ వ్యవస్థ, 'గుడ్ డిస్ట్రిబ్యూషన్ ప్రాక్టీస్' మార్గదర్శకాల ఆధారంగా ఈ పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఔషధ పంపిణీ, నిల్వ, రవాణా, టీకా, కోల్డ్ చైన్, ఔషధచట్టం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
ఔషధనాణ్యతను గురించిన చర్చ సాధారణంగా తయారీకేంద్రం చుట్టూ తిరుగుతుంది. కానీ కర్మాగారానికీ రోగికీ మధ్య గోదాములు, లారీలు, టోకు వ్యాపారులు, మందుల దుకాణాలు ఉన్నాయి. ఈ నడిమి దారిలో ఔషధం గుణం కోల్పోతే గుర్తించడం కష్టం. పాలు విరిగితే కంటికి తెలుస్తుంది. ఎండలో నిలిచిన టీకా మాత్రం చాలావరకు మామూలుగానే కనిపిస్తుంది. దాన్ని వేసిన ఆరోగ్యకార్యకర్త తన పని పూర్తయిందనుకుంటుంది, తల్లి తన బిడ్డకు రక్షణ లభించిందనుకుంటుంది. వ్యాధి సోకినప్పుడు గానీ లోపం బయటపడదు. కంటికి కనబడని ఈ నష్టాన్ని కనబడేలా చేయడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే పంపిణీ ప్రమాణాల చరిత్ర అని చెప్పవచ్చు.

2. ప్రాచీన గ్రంథాల్లో నిల్వ:
చరకసంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో సేకరించిన మూలికలను భద్రపరిచే విధానం ఉంది. వాటిని తగిన పాత్రల్లో ఉంచి, తూర్పుకో ఉత్తరానికో ద్వారమున్న గదిలో, నిప్పు, నీరు, చెమ్మ, పొగ, దుమ్ము, ఎలుకలు, పశువులు చేరని విధంగా మూతపెట్టి ఉట్టిపై వేలాడదీయాలని ఆ గ్రంథం నిర్దేశిస్తుంది. తెలుగింట పాలూ పెరుగూ కాపాడిన ఉట్టి ఇక్కడ ఔషధశాల పరికరం కావడం గమనార్హం. శార్ఙ్గధరసంహిత మరో అడుగు ముందుకు వేసి కాలపరిమితిని చెప్పింది. చూర్ణం రెండు నెలల తరువాత వీర్యం కోల్పోతుందనీ, ఆసవాలు, రసౌషధాలు మాత్రం పాతబడేకొద్దీ గుణవంతమవుతాయనీ అందులో ఉంది. గడువుతేదీ అనే భావనకు ఇది పూర్వరూపం.

అయితే ఈ నియమాలు గదిని ఉద్దేశించినవి. మూలికను సేకరించి, మందు చేసి, రోగికి ఇచ్చే పని ఎక్కువగా ఒకే వైద్యుని చేతిమీదుగా జరిగిన కాలంలో దూరం పెద్ద సమస్య కాదు. తయారీ ఒకచోట, వాడకం వేరొకచోట జరిగినప్పుడే ఆ సమస్య తలెత్తుతుంది.

3. మశూచి టీకా: దూరమే సమస్య:
ఆ సమస్యను తీవ్రంగా ముందుకు తెచ్చిన ఔషధం మశూచి టీకా. జెన్నర్ 1796లో చేసిన ప్రయోగం 1798లో ప్రచురితమైంది. టీకాకు మూలమైన లింఫ్‌ను దూరదేశాలకు చేర్చడం మాత్రం దుస్సాధ్యమైంది, ఎందుకంటే వేడికి అది త్వరగా శక్తి కోల్పోయేది. వియన్నాకు చెందిన వైద్యుడు డి కారో లింఫ్‌లో తడిపిన నూలుపీచును గాజుపలకల మధ్య ఉంచి, మైనంతో మూసి పంపాడు. బాగ్దాద్, బస్రాల మీదుగా సాగిన ఈ ప్రయత్నం ఫలించి, 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల బాలికకు టీకా పడింది. ఆమె చేతినుంచి తీసిన లింఫ్ ఇతర పిల్లలకు చేరింది. స్పెయిన్ ప్రభుత్వం 1803లో బాల్మిస్ నాయకత్వంలో పంపిన ఓడలో 22 మంది అనాథబాలురు ఉన్నారు. వరుసగా ఒకరి చేతినుంచి మరొకరికి టీకా వేస్తూ, ఆ శరీరాల్లోనే దాన్ని అమెరికా ఖండానికి చేర్చారు.

శీతల పేటిక లేని కాలంలో పసిపిల్లల శరీరాలే రవాణాపాత్రలయ్యాయి. ప్రయాణానికి వేరే సాధనం లేకపోతే ఆ భారం బలహీనులపై పడుతుందన్న సత్యం ఈ ఘట్టంలో ఉంది.

తరువాతి కాలంలో దూడలపై లింఫ్ తయారుచేసి, గ్లిజరిన్ కలిపి పంపే పద్ధతి వచ్చింది. 1899లో మద్రాసు శివారు గిండీలో స్థాపితమైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ మద్రాసు రాజధానికి టీకా కేంద్రమైంది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే. అయినా ఎండ సమస్య తీరలేదు. 1950లలో లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాలియర్ అభివృద్ధి చేసిన ఘనీభవన శుష్కీకరణ పద్ధతితో, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నెలరోజులు ఉన్నా శక్తి నిలుపుకునే పొడిటీకా సాధ్యమైంది. 1967లో ముమ్మరమైన మశూచి నిర్మూలన కార్యక్రమానికి ఈ పొడిటీకా ఒక ఆధారస్తంభం. ఇక్కడ ప్రయాణాన్ని మార్చకుండా, ప్రయాణాన్ని తట్టుకునేలా ఔషధాన్నే మార్చారు. అన్ని మందులకూ ఈ పరిష్కారం వీలుకాదు.

4. చట్టం చూపు:
బ్రిటిష్ ఇండియాలో కల్తీ మందుల సమస్యపై 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఏర్పడిన ఔషధ విచారణ సంఘం 1931లో నివేదిక సమర్పించింది. దాని ఫలితమే 1940 నాటి ఔషధచట్టం, 1945 నాటి నియమాలు. అమ్మకానికి లైసెన్సు పొందాలంటే, ఔషధగుణాలను కాపాడగల నిల్వవసతి ఆ ఆవరణలో ఉండాలని 64వ నియమం కోరుతుంది. షెడ్యూల్ పి కొన్ని ఔషధాలకు జీవితకాలాన్నీ, నిల్వ పరిస్థితులనూ నిర్దేశించింది.

ఈ నియమాల దృష్టి ప్రధానంగా ఆవరణపైనే నిలిచింది. 'పంపిణీ' అనే మాట చట్టంలో ఉన్నా, అది ముఖ్యంగా లైసెన్సుకు సంబంధించిన మాట. లారీలో గడిచిన గంటలకు దుకాణంలోని అలమరకు ఇచ్చినంత స్థానం ఇవ్వలేదు. చరకుని ఉట్టికీ 64వ నియమానికీ మధ్య ఎన్నో శతాబ్దాలున్నా, రెండూ గదినే చూశాయి.

5. కోల్డ్ చైన్ ఇచ్చిన పాఠం:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో విస్తృత టీకా కార్యక్రమాన్ని ఆరంభించింది. భారతదేశంలో అది 1978లో మొదలై, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా రూపొందింది. శీతలగది నుంచి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోని ఫ్రిజ్‌కూ, అక్కడినుంచి మంచుప్యాకులున్న టీకాపెట్టెకూ సాగే ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ముందు జరిగిన శ్రమంతా వ్యర్థమే.

1996లో పోలియో టీకాసీసాలపై ప్రవేశపెట్టిన సూచిక ఈ చరిత్రలో కీలకమైన మలుపు. వలయంలోని చిన్న చతురస్రం వేడికి క్రమంగా ముదురుతుంది. అది చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరితే టీకా వాడకూడదు. సీసా తన ప్రయాణచరిత్రను తానే చెప్పుకోవడం అప్పుడు మొదలైంది. అయితే ఈ సూచిక వేడినే చెబుతుంది, గడ్డకట్టడాన్ని చెప్పదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా వంటివి అల్యూమినియం లవణాలతో కూడినవి కాబట్టి గడ్డకడితే పనికిరావు. జాగ్రత్త ఎక్కువై మంచుకు ఆనించి పెట్టినా నష్టమే. అందుకే 2 నుంచి 8 డిగ్రీలన్న నియమానికి రెండు హద్దులూ సమానంగా ముఖ్యం.

6. పంపిణీ ప్రమాణాల అవతరణ:
ఐరోపా సమాజం 1994లో ఔషధపంపిణీకి మార్గదర్శకాలు ప్రకటించింది. 2013లో ఐరోపా సమాఖ్య వాటిని విస్తృతంగా సవరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాల తరువాత, 2020లో నిల్వనూ పంపిణీనీ ఒకే పత్రంలో మేళవించింది. గది, దారి రెండూ ఒకే బాధ్యతలో భాగాలని ఆ మేళనం సూచిస్తున్నది. గోదాములో ఎక్కడ ఎంత వేడి ఉంటుందో కొలిచి చూడడం, ముందుగా గడువు తీరే సరుకును ముందుగా పంపడం, తిరిగివచ్చిన సరుకును వేరుగా ఉంచడం, బ్యాచ్ సంఖ్యతో జాడ తీయగలగడం, వాహనంలో ఉష్ణోగ్రతను నిరంతరం నమోదు చేయడం వీటి సారాంశం. అన్నింటికీ మూలసూత్రం ఒక్కటే: నమోదు కాని జాగ్రత్తను జాగ్రత్తగా పరిగణించరు.

భారతదేశంలో ఉత్పత్తి పద్ధతులకు షెడ్యూల్ ఎం ద్వారా 1988లోనే చట్టస్థానం లభించింది. పంపిణీ పద్ధతులకు అంత త్వరగా అటువంటి స్థానం దక్కలేదు. మార్గదర్శకానికి గౌరవం ఉంటుంది గానీ, నిబంధనకు ఉండే బలం ఉండదు.

7. పరిభాష సమస్య:
ఇక్కడ భాషాధ్యయనానికి చోటున్నది. ఇండియన్ ఫార్మకోపియాలో 'కోల్డ్' అంటే 8 డిగ్రీలకు మించనిది, 'కూల్' అంటే 8 నుంచి 25 డిగ్రీల మధ్యది. తెలుగులో రెంటినీ 'చల్లని' అనే ఒకే మాటతో చెబితే ప్రమాణం చెరిగిపోతుంది. కుండ కింది నేల చల్లనిదే, ఫ్రిజ్ లోపలా చల్లనిదే. 40 డిగ్రీలు దాటిన ఎండను ఆ గ్రంథం అధికోష్ణంగా లెక్కిస్తుంది. మన వేసవిలో అది మామూలు మధ్యాహ్నం. పెట్టెలు ఎత్తే హమాలీ, వాహనం నడిపే డ్రైవరు చదవగల భాషలో, అంకెతో సహా సూచన ఉండడం ప్రమాణంలో భాగం కావాలి. 'చల్లని' అనే విశేషణం కన్నా '2 నుంచి 8 డిగ్రీలు, గడ్డకట్టనీయరాదు' అన్న వాక్యమే సరైన తెలుగు.

8. ముగింపు:
ఉట్టి నుంచి ఉష్ణోగ్రత నమోదుయంత్రం దాకా సాగిన ఈ పరిణామంలో ఔషధరక్షణ క్రమంగా గది దాటి దారిలోకి వచ్చింది. ఒకప్పుడు పిల్లల శరీరాలు మోసిన భారాన్ని నేడు పెట్టెలు, యంత్రాలు, పత్రాలు మోస్తున్నాయి. ఆ పత్రం ఖాళీగా ఉన్నప్పుడు భారం మళ్లీ రోగి శరీరంపైనే పడుతుంది. కాబట్టి ఔషధంతోపాటు దాని ప్రయాణచరిత్ర కూడా రోగి దాకా చేరాలనీ, ఆ చరిత్రను రాసేవారికి అర్థమయ్యే భాషలో నియమాలు ఉండాలనీ ఈ పరిశీలన వల్ల స్పష్టమవుతున్నది.