మూకీ హాస్యచిత్రం

సంభాషణలు లేకుండా, ఒంటి కదలికలతోనూ చేతికందిన వస్తువులతోనూ నవ్వు పుట్టించే చిన్న సినిమా. సాధారణంగా ఒకటి రెండు రీళ్లు, అంటే పది నుంచి ఇరవై అయిదు నిమిషాలు. జారిపడటం, తరుముకోవడం, ఒకడికి వేసిన దెబ్బ మరొకడికి తగలడం దీనికి ముడిసరుకు.

ఈ కోవలో తొలి చిత్రంగా లూమియేర్ సోదరులు 1895లో తీసిన తోటమాలి కథను చెబుతారు. మాలి నీళ్లు పడుతుంటే వెనకనుంచి ఒక కుర్రాడు గొట్టాన్ని తొక్కుతాడు. నీళ్లెందుకు ఆగాయా అని మాలి గొట్టంలోకి తొంగిచూడగానే కాలు తీసేస్తాడు. నిమిషం కూడా పట్టని ఈ చిత్రంలోనే రాబోయే ముప్పై ఏళ్ల హాస్యానికి సూత్రం ఉంది. 1912లో మాక్ సెనెట్ అమెరికాలో కీస్టోన్ కంపెనీ పెట్టాడు. చార్లీ చాప్లిన్ 1914లో అక్కడే టోపీ, చేతికర్రతో దేశదిమ్మరి వేషం కట్టాడు.

బస్టర్ కీటన్ 1920లో ఎడ్వర్డ్ క్లైన్‌తో కలిసి తీసిన రెండు రీళ్ల 'వన్ వీక్' ఈ ప్రక్రియలో మేలిమి రచన. కొత్త దంపతులకు విడిభాగాలుగా ఒక ఇల్లు కానుకగా వస్తుంది. పెళ్లికూతురి కోసం పోటీపడి ఓడినవాడు పెట్టెల మీది అంకెలు మార్చేస్తాడు. వంకరటింకరగా లేచిన ఆ ఇల్లు గాలివానకు బొంగరంలా తిరుగుతుంది. చివరికి దాన్ని వేరే స్థలానికి లాగుతుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. ఎదురుగా వచ్చే రైలు పక్క పట్టాల మీదుగా వెళ్లిపోతుంది. దంపతులు ఊపిరి పీల్చుకునేలోగా రెండోవైపు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కు చేస్తుంది. ఇంత జరిగినా కీటన్ ముఖంలో కండరం కదలదు.

మనదేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1914 జనవరిలో 'మోహినీ భస్మాసుర్'కు జోడీగా 'పీఠాచే పంజే' అనే చిన్న హాస్యచిత్రాన్ని బొంబాయిలో ప్రదర్శించాడు. పురాణగాథ పక్కన నవ్వులాటకు చోటివ్వడం ఆయన వ్యాపారదక్షతకు గుర్తు.

తెలుగువారిలో మూకీలకు ఆద్యుడు మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య. 1910లో క్రోనోమెగాఫోన్ యంత్రం తెప్పించి మద్రాసులో చిన్న చిత్రాలు చూపించాడు. బర్మా, సింహళం దాకా వెళ్లి ప్రదర్శనలిచ్చాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మప్రతిజ్ఞ' పౌరాణికం. దాని ప్రతి దక్కలేదు. సి.పుల్లయ్య కాకినాడలో తీసిన 'మార్కండేయ' కూడా పౌరాణికమే. తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాత అవసరం ఈ సినిమాలకు ఉండేది. మాలి ముఖాన నీళ్లు చిమ్మడానికి వ్యాఖ్యానం ఎందుకు?

టాకీలొచ్చాక హాస్యం మాటల చేతికి పోయింది. నాటకాల వాళ్లు పద్యాలతో సహా తెర మీదికి వచ్చారు. మూకీలు తీసిన ప్రకాశే 1940లో మొక్కపాటి నరసింహశాస్త్రి నవల 'బారిస్టర్ పార్వతీశం'ను లంక సత్యం కథానాయకుడిగా సినిమా తీశాడు. తర్వాతి నాలుగు దశాబ్దాలూ సంభాషణల హాస్యానివే.

మాటల్లేని హాస్యాన్ని తిరిగి తెచ్చినవాడు సింగీతం శ్రీనివాసరావు. మనదేశంలో టాకీలు మొదలైన 1931లోనే నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టాడు. 'మాయాబజార్' నాటికి దర్శకుడు కె.వి.రెడ్డికి సహాయకుడు. 1987 నవంబరులో విడుదలైన ఆయన 'పుష్పక విమానం' రెండు గంటలకు పైగా ఒక్క సంభాషణైనా లేకుండా సాగుతుంది. కమల్‌హాసన్ పోషించిన నిరుద్యోగి తాగి పడివున్న ధనవంతుణ్ణి బంధించి, అతని పేరుతో పెద్ద హోటల్లో దిగుతాడు. సినిమాహాలు రొద మధ్య నిద్రపోయే అలవాటున్న అతనికి అక్కడి నిశ్శబ్దంలో కునుకు పట్టదు. వెనక్కి వెళ్లి ఆ రొదను టేపులో పట్టి తెచ్చుకుని, అది వింటూ పడుకుంటాడు. టినూ ఆనంద్ వేసిన హంతకుడు మంచుతో చేసిన కత్తితో పొంచి ఉంటాడు. అదను దొరికేలోగా కత్తి కరిగిపోతుంటుంది. గొట్టంలోకి తొంగిచూసిన మాలికి ఈ హంతకుడు దగ్గరి బంధువే.

ఎల్.వైద్యనాథన్ సంగీతం సమకూర్చిన ఈ చిత్రం కన్నడంలో 'పుష్పక విమాన', తమిళంలో 'పేసుం పడం', హిందీలో 'పుష్పక్'గా విడుదలైంది. భాష మారినచోట మారింది పేరొక్కటే. ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దీనికి జాతీయ పురస్కారం లభించింది.