'లైను' అను మాట

కార్యాలయములో పనిచేయు తెలుగువాడు ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పరుండువరకు ఎన్ని ఆంగ్లపదములు వాడుచున్నాడో లెక్క చూచుకొనడు. చూచుకొన్నచో 'లైను' అను రెండక్షరముల మాట ముందు నిలుచునని నా నమ్మకము. టెలిఫోనులో 'కొంచెము లైనులో ఉండండి' అందుము. కరెంటు పోయినచో లైన్‌మాన్ కొరకు ఎదురుచూతుము. బిల్లు కట్టుటకు లైనులో నిలబడుదుము. నోటుషీటుపై రెండు లైన్లు వ్రాసి పై అధికారికి పంపుదుము. కుఱ్ఱవాడు చదువు ముగించినచో 'ఏ లైనులోకి వెళ్లినాడు?' అని చుట్టములు అడుగుదురు. ప్రాముఖ్యము లేని కుర్చీకి బదిలీ అయినవానిని చూచి 'లూపులైనులో పడినాడు, పాపము' అని నిట్టూర్తుము. యువకులు ఈ మాటకు కల్పించుకొన్న అర్థము మరియొకటి కలదు. ఇది కుటుంబములు చదువు సంచిక గనుక దానిని వివరింపక విడిచిపెట్టుచున్నాను.

ఇంత చిన్న మాట ఇన్ని కొలువులు చేయుట చూచి దీని పుట్టుక ఏమా అని వెదకితిని. వింత యేమన, దీని మూలము మన రాయపూరు చుట్టునున్న పొలములలోనే పూచుచున్నది. వరి కోతకు ముందే, మడిలో తడి యారకుండగనే, ఛత్తీస్‌గఢ్ రైతు కొన్ని విత్తనములు చల్లును. చలికాలమున చిన్న నీలిపూలతో ఆ మడులు కనులపండువుగా నుండును. ఇచ్చటివారు దానిని 'అల్సీ' అందురు. మన అవిసె గింజ అదియే. (అవిసె చెట్టు వేరు, పేరు కలిసినదే గాని పోలిక లేదు.) ఆ మొక్కకు లాటిను భాషలో 'లీనుమ్' అని పేరు. దాని నార వడికిన దారము 'లీనేయ'. ఆ దారమును బిగలాగి కొయ్యపైనను గోడపైనను తిన్నని గుర్తు పెట్టుటచేత గీతకు ఆ పేరే వచ్చినది. గీత నుండి వరుస, వరుస నుండి తక్కిన అర్థములన్నియు బయలుదేరినవి. ఆ మొక్క నారతో నేసినది లినెన్ బట్ట. కోటు లోపల దర్జీవాడు వేయు లైనింగు కూడ ఆ బట్టకు చుట్టమే.

మన భాషలు వేరుదారిని పోయినవి. సూత్రమనగా దారమే, కాని మనవారు దానిని నియమముగా జేసి శాస్త్రములకు ఎక్కించిరి. నాటకమును నడుపువాడు సూత్రధారుడైనాడు. ఇక పంక్తి యనునది 'పంచ' అను సంఖ్య నుండి పుట్టినది; ఐదు పాదముల వైదిక ఛందస్సునకు అది పేరు. అది వ్రాతలోని వరుసయై, తుదకు విస్తళ్ల ముందు కూర్చుండు బంతియైనది. బంతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెనో, ఎవరు కూర్చుండరాదో అను తగవు మనకు తెలియనిది కాదు. కావున మనుష్యులను వరుసలో పెట్టు విద్య ఆంగ్లేయుడే తెచ్చెనని అనుట న్యాయము గాదు. అతడు తెచ్చినది వేరొక వరుస.

ఆ వరుస మొదట సైన్యముతో వచ్చినది. కంటోన్మెంటులో దేశీయ సిపాయిల గుడిసెలు బారులు తీరియుండెడివి గనుక వానిని 'లైన్లు' అనిరి. సిపాయి కవాతులోనే గాక నిద్రలో కూడ లైనులోనే యుండవలెను. 1854లో నాగపూరు రాజ్యము కంపెనీ వశమైనపుడు ఛత్తీస్‌గఢ్ కూడ దానితోపాటు పోయినది. 1857 డిసెంబరు 10న సోనాఖాన్ జమీందారు వీర నారాయణ సింహుని రాయపూరులో ఉరితీసిరి. నలువది దినములైన కాలేదు. 1858 జనవరి 18 రాత్రి మూడవ రెజిమెంటులో మందుగుండు కొట్టు లస్కరుగానున్న హనుమాన్ సింహుడు సార్జెంటు మేజరు సిడ్వెల్ ఇంట జొరబడి అతనిని చంపెను. హనుమాన్ సింహుడు తప్పించుకొని పోయెను, మరల దొరకలేదు. అతనితో నిలిచిన 17 మందిని జనవరి 22న ఉరితీసిరి. లైను దాటినవానికి దొరతనము ఇచ్చు వెల అది.

సిపాయికి లైన్లున్నట్లే దొరలకును లైన్లుండెను. రాయపూరులోను, ఉత్తరదేశపు అనేక నగరములలోను 'సివిల్ లైన్స్' అను పేట నేటికిని కలదు. సివిలు ఉద్యోగులు నివసించు చోటని దాని భావము. మాట ఒక్కటే, కాని ఒకచోట ఒకదానినొకటి అంటుకొన్న గుడిసెలు, మరియొకచోట చెట్ల నడుమ బంగళాలు.

మన గుంటూరు ఈ మాటను మరియొక తీరున స్వంతము చేసికొన్నది. బ్రాడీపేట, అరండల్‌పేటలలో వీధిని వీధి యనరు. 'బ్రాడీపేట నాల్గవ లైను, ఫలానా అడ్డరోడ్డు' అని చిరునామా చెప్పుదురు. పేటల పేర్లు ఆంగ్లేయులవి, లెక్క పెట్టినది కూడ వారి పద్ధతియే. అయినను 'నాల్గవ లైను' అని గుంటూరివారు పలుకునపుడు అందులో పరాయితనము వెదకినను దొరకదు. వకీళ్లు, వైద్యులు, పుస్తకముల అంగళ్లు, విద్యార్థుల మెస్సులు ఆ లైన్లలో నిండినవి. వానిని రేపు 'పంక్తులు' అని మార్చినచో ఉత్తరములు చేరునా యని నా అనుమానము.

ఇక మనలను రాయపూరునకు చేర్చిన లైను సంగతి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడి, నాగపూరు నుండి రాజనందగాం వరకున్న చిన్నలైనును తీసికొని పెద్దలైనుగా మార్చి, తూర్పునకు పొడిగించి, 1891 నాటికి అసన్‌సోలు చేర్చినది. రాయపూరు ఆ దారిలోనిది. దక్షిణమున విజయనగరము నుండి పార్వతీపురము వరకు 1908–09లో వేసిన శాఖ చాలకాలము అచ్చటనే ఆగియుండెను. మధ్యపరగణాల ఖనిజములు, ధాన్యము సముద్రమునకు చేరవలెనన్న విశాఖపట్టణమున హార్బరు కావలెను. హార్బరునకు రైలు కావలెను. 1931లో పార్వతీపురము–రాయపూరు లైను పూర్తియైనది. 1933లో హార్బరు తెరచిరి. మహాసముంద్, కాంటాబంజి, టిట్లాగఢ్, కేసింగ, రాయగడ, పార్వతీపురము, బొబ్బిలి, విజయనగరము — ఈ స్టేషనుల పేర్లు వరుసగా చెప్పగల పిల్లలు రాయపూరు తెలుగు ఇండ్లలో ఒకప్పుడు చాలమంది. కంపెనీ ఈ లైను వేసినది సరకు కొరకు. మనవారు దానిని పండుగకు ఇంటికి పోవు దారిగా జేసికొనిరి.

రైలువారి 'లైన్ క్లియర్' అను మాట వెనుక గొప్ప జాగ్రత్త కలదు. ఒంటిపట్టాల దారిలో ఒక స్టేషను మాస్టరు ముందు స్టేషనువానిని అడిగి, అతడు ఒప్పుకొన్న పిమ్మటనే యంత్రము నుండి ఇనుపగుండు వెలువడును. ఆ గుండు చేతనున్న డ్రైవరుకే ఆ దారి. మరియొక బండి అందు ప్రవేశింపరాదు. ఇపుడు వార్తాపత్రికలు ఎన్నికల టిక్కెట్టు దొరకినవానికి కూడ 'లైన్ క్లియర్' అని వ్రాయుచున్నవి. ఆ గుండు ఎవరి చేతనున్నదో చెప్పుట మాత్రము కష్టము.

ఇంటికి చేర్చని లైన్లును కలవు. ఫిజీ దీవులకు 1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోయిరి. 1903 నుండి మదరాసు రేవు గుండా దక్షిణాదివారు పోసాగిరి. మొత్తములో వారు సుమారు నాలుగవ వంతు. అందు విశాఖపట్టణము జిల్లావారు, కృష్ణా గోదావరి ప్రాంతములవారు కలరు. 'అగ్రిమెంటు' అను ఆంగ్లపదము అచ్చట 'గిర్మిట్' అయినది. చెరకు తోటలలో వారికిచ్చిన నివాసమే 'కూలీ లైన్లు'. గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందు ముగ్గురు ఒంటరి మగవారు గాని, ఆలుమగలు పిల్లలతో గాని ఉండవలెను. వంట కూడ అందే. గదికిని గదికిని నడుమ గోడ కప్పువరకు లేకుండుటచే ఒక ఇంటి మాట ఇంకొక ఇంట వినబడుచుండెను. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అచ్చటికి పోయి చూచి, మరుసటి సంవత్సరము నివేదిక వెలువరించిరి. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములన్నియు రద్దయినవి. ఆ లైన్ల నుండి బయటపడిన తెలుగువారి సంతతి 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. మన సంఘము వంటిదే అదియు. కాని దాని వెనుకనున్న దూరము వేరు.

రాజ్యముల నడుమ గీచిన లైన్లను మనవారు 'రేఖ' అని తెలిగించిరి. 1972 నాటి సిమ్లా ఒడంబడికలోనిది నియంత్రణ రేఖ. ఆ మాట బాగుగ కుదిరినది. అటులని లైన్‌మాన్‌ను రేఖాపురుషుడు అన్నచో అతడు స్తంభము మీది నుండి నవ్వును. ఇక మన కార్యాలయములలో నెలకొకసారి వచ్చు 'డెడ్‌లైను' చరిత్ర తెలిసినచో నవ్వు రాదు. 1864లో, అమెరికా అంతర్యుద్ధ కాలమున, ఆండర్సన్‌విల్ చెఱసాలలో ప్రహరికి లోపల ఒక హద్దు పెట్టిరి. దానిని దాటిన ఖైదీని కావలివాడు కాల్చివేయును. ఆ హద్దు పేరే డెడ్‌లైను. నివేదిక రెండు దినములు ఆలస్యమైన గుమాస్తాపై ఆ మాటను ప్రయోగించువారు దీనిని ఎరుగరనియే నేను తలచుచున్నాను.

నయా రాయపూరు నిర్మించినవారు లైన్లు పెట్టలేదు, సెక్టారులు పెట్టిరి. పాత రాయపూరు నుండి ధమ్తరికి 1900లో వేసిన రెండడుగుల ఆరంగుళాల బుల్లి రైలు కొన్నేండ్ల క్రిందట నగరములో ఆగిపోయి, ఆ పట్టాల దారి రహదారి అయినది. దానికి బదులుగా మందిర్ హసౌద్ నుండి నయా రాయపూరు మీదుగా కేంద్రి వైపు పెద్దలైను వేసిరి. 2025 మార్చి 30న రాయపూరు–అభన్‌పూర్ మెము బండి దానిపై ప్రారంభమైనది. మందిర్ హసౌద్‌లో బండి మారినవాడు విజయనగరము లైనును పట్టుకొనును. శీతకాలమున ఆ కిటికీ వద్ద కూర్చున్నచో కోసిన వరిమడుల నడుమ అల్సీ పూలు కనబడును.