షికాగో దూరంలో పాలమూరు వాటా

శంషాబాద్ నుంచి షికాగోకు గాలిదారి సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా విమానం నడిపినప్పుడు పదహారు గంటలు దాటిన ప్రయాణం అది. పిల్లలు అమెరికాలో ఉన్న నల్లగొండ, పాలమూరు ఇళ్లలో గంటల లెక్క అందరికీ కంఠతా వచ్చు. కిలోమీటర్ల లెక్క ఎక్కడ పుట్టిందని మాత్రం ఎవరూ అడగరు. ఆ దారిని ఎవరూ గొలుసు పట్టి కొలవలేదు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వంపును బట్టి కట్టిన లెక్క అది. ఆ లెక్క కట్టాలంటే భూమి ఎంత పెద్దదో, ఏ ఆకారంలో ఉందో ముందు తేలాలి. తేల్చిన పనిలో మన మెట్ట నేలకూ వాటా ఉంది.

1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన భూమి కొలతల సర్వే 1811కి గుత్తి చేరింది, 1815కి బీదరు సీమలోని దామరగిద్దకు. నారాయణపేట పక్కనున్న దామరగిద్ద వేరు. గుత్తికీ బీదరుకూ మధ్య ఆ సర్వే సాగిన రేఖాంశం వెంట ఉన్నది మక్తల్, నారాయణపేట, కొడంగల్ వైపు నేలే. వంద అడుగుల ఉక్కు గొలుసును కొయ్య తొట్లలో పరిచి, ఎండ తగలకుండా గుడారాలు కప్పి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచేవారు. వేడికి ఉక్కు సాగితే లెక్క తప్పుతుంది మరి. ఆపైన అర టన్ను బరువున్న థియోడలైట్‌ను ఎత్తైన చోట్లకు మోసి, కోణాలు చూసి, త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. నక్షత్రాలతో అక్షాంశం పట్టి, ఒక్క డిగ్రీకి నేల మీద ఎంత దూరమో రాబట్టారు. లాంబ్టన్ 1823లో దారిలోనే కన్నుమూశాడు. జార్జ్ ఎవరెస్ట్ ఆ పని కొనసాగించి, 1830లో భూమి కొలతలు ప్రకటించాడు.

ఉపగ్రహాలు వచ్చాక ఈ పాత కొలతలతో పనేముందని అడగవచ్చు. నిజమే, 1998 నుంచి విమానయానానికి ప్రమాణం డబ్ల్యూజీఎస్-84 అనే భూమి నమూనా. కానీ భూమధ్యరేఖ దగ్గర ఎవరెస్ట్ చెప్పిన వ్యాసార్ధం 6,377.276 కిలోమీటర్లయితే, నేటిది 6,378.137. తేడా కిలోమీటరు కూడా లేదు. షికాగో దాకా లెక్కేసినా రెండు కిలోమీటర్లు మించదు. పైగా ధ్రువాల దగ్గర నొక్కుకున్న గోళంగా భూమిని లెక్కలోకి తీసుకునే పద్ధతి నేటికీ అదే.

ప్రయాణికుడికి కావలసింది కాలమే గాని దూరం కాదనేది ఇంకో మాట. ఇందులో బలముంది. పై గాలులు ఎదురొస్తే గంట పెరుగుతుంది. 2019లో పాకిస్తాన్ గగనతలం మూసినప్పుడు భూమి మారలేదు, ప్రయాణాలు మాత్రం చుట్టు తిరిగి పొడవయ్యాయి. అయితే చుట్టు ఎంతో, అదనపు ఇంధనం ఎంతో తెలియాలన్నా ముందు అతి దగ్గరి దారి తెలియాలి. గోడ మీది పటంలో ఆ దారి అరేబియా, అట్లాంటిక్ మీదుగా కనిపిస్తుంది. నిజానికది ఉరల్ పర్వతాలు దాటి, 79వ అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా దిగుతుంది.

నారాయణపేట, కొడంగల్ బడుల్లో భూగోళం చెప్పే ఉపాధ్యాయులు ఒక్కసారి గ్లోబు మీద హైదరాబాద్ నుంచి షికాగోకు దారం లాగి చూపించండి. భూమిని కొలిచిన సర్వే మన ఊళ్ల మీదుగా సాగిందని పిల్లలకు చెప్పండి.