పాత చీర గుడ్డ నుంచి రూపాయి ప్యాడ్ దాకా

మన అమ్మమ్మల కాలంలో నెలసరికి పాత చీర గుడ్డే దిక్కు. గుడ్డలో తప్పేమీ లేదు. సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరేసుకుంటే ఇప్పటికీ మంచిదే. కానీ దానికి సబ్బు కావాలి, నీళ్లు కావాలి, చాటు కావాలి. నలుగురి కంటా పడుతుందని ఎండలో ఆరెయ్యనిచ్చేవారు కాదు. ఏ మూలనో, వేరే బట్ట కిందనో సగం తడిగా ఉన్న గుడ్డనే మళ్లీ వాడుకునేవారు. దురదలు, పుండ్లు వచ్చినా ఎవరికీ చెప్పుకునేది లేదు. ఒకవైపు పేదరికం, ఇంకోవైపు సిగ్గు. ఈ రెండింటిలో ఒకదాన్నే తీసేస్తే పని సగమే అవుతుందని ఆ తర్వాత జరిగిన చరిత్ర చెబుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్లు కట్టడానికి అమెరికాలో చెక్క గుజ్జుతో దూదిలాంటి సరుకు తయారుచేశారు. నర్సులు దాన్ని నెలసరికీ వాడుకున్నారు. 1920లో అదే సరుకు కోటెక్స్ పేరుతో అంగళ్లకు వచ్చింది. అయితే కౌంటరు దగ్గర నోరు తెరిచి అడగడానికి అక్కడి ఆడవాళ్లూ సిగ్గుపడ్డారు. దాంతో, డబ్బులు డబ్బాలో వేసి, మాట్లాడకుండా ప్యాకెట్ తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. మన కిరాణా కొట్లో పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇవ్వడం కూడా అలాంటిదే.

మన దేశంలో ధర సంగతి పట్టించుకున్నవారిలో కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం ఒకరు. చదువు మధ్యలో ఆపేసిన మనిషి. 1998లో పెళ్లయ్యాక భార్య పాత గుడ్డలు వాడడం చూసి, చవకగా ప్యాడ్ చేసే దారి వెతికారు. ఏళ్ల తరబడి తిప్పలు పడి చిన్న యంత్రం తయారుచేశారు. దాన్ని పెద్ద కంపెనీలకు కాకుండా మనలాంటి మహిళా సంఘాలకు ఇచ్చారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

2011లో కేంద్ర ప్రభుత్వం పల్లెటూరి ఆడపిల్లలకు 'ఫ్రీడేస్' పేరుతో 6 ప్యాడ్ల ప్యాకెట్‌ను 6 రూపాయలకు ఇచ్చే పథకం తెచ్చింది. వాటిని ఇళ్లకు చేర్చింది ఆశా అక్కలు. ప్యాకెట్‌తో పాటు, ఇంట్లో ఎవరూ ఎత్తని మాటను కూడా గడప దాకా తీసుకెళ్లింది వాళ్లే.

తర్వాత పన్ను గొడవ వచ్చింది. 2017 జులైలో జీఎస్టీ మొదలైనప్పుడు గాజులకు, కుంకుమకు పన్ను లేదు. ప్యాడ్‌కు మాత్రం 12 శాతం వేశారు. దేశమంతా ఆడవాళ్లు అడిగారు, కోర్టులకూ వెళ్లారు. 2018 జులైలో ఆ పన్ను తీసేశారు. అయితే ముడిసరుకు మీద కట్టిన పన్నును తయారీదారులు వెనక్కి తీసుకునే వీలు పోయింది కాబట్టి, ధర మొత్తం 12 శాతం తగ్గలేదు.

2018లో జన ఔషధి దుకాణాల్లో 'సువిధ' ప్యాడ్ రెండున్నర రూపాయలకు వచ్చింది. 2019 ఆగస్టులో అది రూపాయికి దిగింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–24 ఏళ్ల వయసువారిలో శుభ్రమైన పద్ధతులు వాడేవారు 2015–16లో 57.6 శాతం ఉంటే, 2019–21 నాటికి 77.3 శాతమయ్యారు. అయినా సగం మంది దాకా గుడ్డ కూడా వాడుతూనే ఉన్నారు.

ఇక మన ఇళ్ల లెక్క చూద్దాం. తల్లి, ఇద్దరు కూతుళ్లు ఉన్న ఇంట్లో తలా 10 చొప్పున నెలకు 30 ప్యాడ్లు కావాలి. రూపాయి రకమైతే 30 రూపాయలు. అయిదు రూపాయల రకమైతే 150. చేతిలో డబ్బు తక్కువైన నెలలో సరుకుల చీటీలో ముందు కొట్టేసేది దీన్నే. తల్లి తన వంతు మానుకుని పిల్లలకు ఇస్తుంది. బడి మానేసిన పిల్లకు, కూలికి వెళ్లే తల్లికి బడిలో ఇచ్చే ప్యాకెట్ అందదు. రూపాయి ప్యాడ్ దొరికే దుకాణం ప్రతి ఊళ్లోనూ ఉండదు.

ఆ ఖాళీ పూడ్చగలిగేది గ్రామ సంఘమే. టోకున తెచ్చి సంఘం దగ్గర ఉంచుకోవచ్చు. డబ్బుల్లేని నెలలో ఎవరికీ తెలియకుండా ఇచ్చి, తర్వాత తీసుకోవచ్చు. గుడ్డే వాడుకుంటామనే వాళ్లకు సబ్బు ఇచ్చి, ఎండలో ఆరేసుకోమని చెప్పొచ్చు. పొదుపు పుస్తకంలో దీనికీ ఒక గడి గీసుకుందాం. సమావేశంలో పొదుపు, అప్పుల మాట ఎంత గట్టిగా మాట్లాడతామో, దీని మాటా అంతే గట్టిగా మాట్లాడదాం.