మెదడువాపు: కోలారు జ్వరం నుంచి టీకా దాకా



చెరువులు నిండి వరినాట్లు పడగానే మన సరిహద్దు జిల్లాల తల్లులకు ఒక దిగులు పట్టుకునేది. తెలుగులో మెదడువాపు వ్యాధి, కన్నడంలో మెదుళు జ్వర. 1955లో వేలూరు ప్రాంతంలో, మనదేశంలో మొదటిసారిగా గుర్తించిన ఈ వ్యాధి 1970 దశకం చివర కోలారు జిల్లాలో విజృంభించింది. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు కొంగల నుంచి, పందుల నుంచి ఈ వైరస్‌ను మనుషులకు చేరుస్తాయి.

వైరస్ సోకిన 250 మందిలో సుమారు ఒక్కరికే జబ్బు ముదురుతుంది. మరి తక్కినవారిని కాపాడేదెవరు? వారి శరీరమే.

ఈ వైరస్ మోసుకొచ్చే సరుకు ఆర్.ఎన్.ఏ. మన కణాల్లోనూ ఆర్.ఎన్.ఏ. ఉంది. కానీ వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు రెండు పోగులు కలిసిన పొడవాటి ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది. మన కణంలో మామూలుగా అటువంటిది ఉండదు. దాన్ని పసిగట్టే కావలివాడు రిగ్-ఐ అనే ప్రోటీన్ అని 2004లో జపానుకు చెందిన తకాషి ఫుజితా బృందం తెలిపింది. కావలివాడు కేక వేయగానే కణం ఇంటర్‌ఫెరాన్‌ను వదులుతుంది. అది ఇరుగుపొరుగు కణాలను హెచ్చరించి, వైరస్ పెరగకుండా తలుపులు మూయిస్తుంది. ఈ ఇంటర్‌ఫెరాన్‌ను 1957లోనే లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనుగొన్నారు.

అయితే దాన్నే మందుగా ఇస్తే సరిపోదా? వియత్నాంలో జబ్బుపడిన పిల్లలకు ఇచ్చి చూశారు. ప్రయోజనం కనబడలేదని 2003లో తేలింది. వైరస్ కూడా తక్కువది కాదు. ఇంటర్‌ఫెరాన్ సందేశాన్ని అడ్డుకునే ఉపాయం దానికి తెలుసు. పైగా ఫిట్స్ వచ్చి పిల్లవాణ్ణి బెంగళూరు నిమ్‌హాన్స్‌కు చేర్చేసరికే వైరస్ మెదడులో ఉంటుంది. జబ్బు ముదిరినవారిలో నూటికి 20 నుంచి 30 మంది చనిపోతారు. బతికినవారిలో చాలామందికి వైకల్యం మిగులుతుంది.

కాబట్టి ముందు జాగ్రత్తే మందు. 1980 దశకం మొదట్లో కోలారులో పట్టిన వైరస్‌ను పుణె వైరాలజీ సంస్థ భద్రపరిచింది. దాని నుంచే హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వ్యాక్ టీకా 2013లో విడుదలైంది. మన పిల్లల్ని బలిగొన్న వైరసే చివరకు మన పిల్లలకు కవచమైంది.

వ్యాధి ఉన్న జిల్లాల్లో 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకటి, రెండు డోసులూ తప్పక వేయించండి. పందుల దొడ్లను ఇళ్లకు దూరంగా ఉంచండి. సాయంత్రం నుంచే దోమతెర కట్టండి.