వస్తాదు లేని తాలీంఖానా

జనవరి మొదటి వారంలో జిమ్ములో చేరినవాళ్ళు ఉగాదికి ఎంతమంది మిగులుతారు? ఏలూరులో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా జిమ్ము నడిపేవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత మాట మారుస్తారు. సంక్రాంతికి వచ్చిన అల్లుళ్ళు తిరుగు రైలెక్కేసరికి సగం ఉత్సాహం కూడా వాళ్ళతోపాటే ఊరు దాటిపోతుంది. ఇలా జారిపోయేవాళ్ళ లెక్కని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ‘చర్న్’ అంటారు. కవ్వంతో చిలకడానికి కూడా ఇంగ్లీషులో అదే మాట. నన్నడిగితే చిల్లుకుండ అంటే సరిపోతుంది. పైనుంచి కొత్తవాళ్ళని పోస్తూ ఉండాలి, కిందనుంచి పాతవాళ్ళు కారిపోతూ ఉంటారు.

నా ఉద్యోగంలో సగం ఈ చిల్లు పూడ్చే పనే. యాప్ తెరవడం మానేసినవాళ్ళని వెనక్కి ఎలా రప్పించాలి, ఎన్నో రోజున మెసేజీ పంపాలి, ఎంత డిస్కౌంటు ఇవ్వాలి, ఇవే మా మీటింగులు. అందుకే నాకో ప్రశ్న పట్టుకుంది. జిమ్ము అన్న మాట మనకి తెలియకముందు కూడా మన ఊళ్ళలో కసరత్తు చేసే చోట్లు ఉండేవి. అక్కడికి వచ్చినవాళ్ళని ఏది పట్టి ఉంచేది?

జవాబులో కొంత మాటల్లోనే దొరుకుతుంది. సాము నేర్పే చోటుని తెలుగులో ‘గరిడీ’ అన్నారు. ‘సాముగరిడీలు’ అన్న జంటపదం అక్కడినుంచి వచ్చిందే. ఇవాళ పత్రికల్లో ఆ గరిడీ కాస్తా గారడీ అయిపోయి, రాజకీయ నాయకుల అంకెల మాయలకి పేరుగా మిగిలింది. ఆ తరవాత వచ్చిన మాట ‘తాలీంఖానా’. తాలీం అంటే చదువు, శిక్షణ. ఖానా అంటే ఇల్లు. అక్కడ నేర్పేవాడు ఉస్తాద్, మన నోట్లో పడి ‘వస్తాదు’ అయ్యాడు. ఉత్తర సర్కారులు ఐదింటిలో ఏలూరు సర్కారు ఒకటి. పర్షియానుంచి వచ్చిన నేతగాళ్ళ తివాచీలతో పేరు పడిన ఊరు మాది. అలాంటి ఊరికి ఉస్తాద్ అన్న మాట పరాయిది కాదు.

ఈ మాటల్లో ఏదీ బరువుల గురించి కాదు, కండల గురించి అంతకన్నా కాదు. అన్నీ నేర్చుకోవడం గురించో, నేర్పేవాడి గురించో చెప్తాయి. జిమ్ము అన్న మాట ‘బట్టల్లేని’ అనే అర్థమున్న గ్రీకు పదంనుంచి వచ్చింది. అలాగని గ్రీకులు ఒంటిని మాత్రమే చూసుకున్నారని కాదు, ప్లేటో పాఠాలు చెప్పిన అకాడమీ కూడా మొదట ఒక వ్యాయామశాలే. ఒంటినీ చదువునీ ఒకే కప్పు కింద పెట్టడం వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. ఆ కప్పు కిందనుంచి గురువుని బయటికి పంపించింది మాత్రం ఈ మధ్యే.

తాలీంఖానాలో ఉండేదేమిటి? మట్టి తవ్వి మెత్తగా చేసిన గోదా. తిప్పడానికి లోడీలు, ఎత్తడానికి రాతి సంగిడీలు. దండీలు, బస్కీలు తీయడానికి ఒంటి బరువు చాలు, ఇంకేం అక్కర్లేదు. గోడకి ఆంజనేయుడి పటం. ఇవాళ్టి జిమ్ములో ఉన్న మెషీన్లతో పోలిస్తే ఇది ఏమీ లేనట్టే. కానీ జిమ్ములో లేనివి అక్కడ రెండున్నాయి.

మొదటిది, రాకపోతే అడిగేవాడు. “ఏరా, నిన్న రాలేదే?” ఈ మాటకి జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితే తాలీంఖానాకి అసలు గోడ. రెండోది, ఒక తేదీ. దసరాకో, పీర్ల పండక్కో ఊరేగింపులో కర్రసాము, కత్తిసాము చేసి చూపించాలి. చూసేది ముక్కూమొహం తెలియనివాళ్ళు కాదు, మన వీధివాళ్ళే. ఆ రోజు తడబడితే ఏడాదంతా వినాల్సిందే. ఒంటికి ఒక గడువు ఉండేది, ఆ గడువుకి సాక్షులుండేవారు. మా ప్రాజెక్టుల్లో ఈ రెండింటికీ పెద్ద పేర్లు పెట్టి, విడివిడిగా మేనేజర్లని పెట్టుకుంటాం.

రాజుకి కూడా ఇది తప్పలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, కృష్ణదేవరాయల పొద్దుటి కసరత్తు గురించి రాశాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా కత్తి తిప్పి, ఆ తరవాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. ఇందులో నన్ను ఆపింది నూనె కాదు, ఆ మల్లుడు. ‘ఆముక్తమాల్యద’ రాసిన చక్రవర్తి కూడా ఒంటరిగా కసరత్తు ముగించలేదు, ఎదురుగా ఇంకో మనిషి ఉన్నాడు. మనిషి వచ్చి కూర్చున్నాక ఇవాళ ఒంట్లో బాగోలేదని చెప్పడం ఎంత కష్టమో, పొద్దున్నే స్నేహితుడు బండి హారన్ కొడితే లేచి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు.

ఇదంతా చెప్పి పాతకాలమే మేలు అనేస్తే అబద్ధమవుతుంది. తాలీంఖానా తన మనుషుల్ని పట్టి ఉంచగలిగింది నిజమే, కానీ గుమ్మం ఇరుకు కాబట్టి కూడా పట్టి ఉంచగలిగింది. ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. ఏ వీధిది ఆ వీధికే, ఏ కులంవాళ్ళది వాళ్ళకే అన్నట్టు నడిచినవి ఎన్నో. అందరూ ముందే తెలిసినవాళ్ళు అయినప్పుడు రానివాణ్ణి గుర్తుపట్టడం సులభం. పైగా అంతా ఒక్క మనిషి మీద ఆధారపడింది. వస్తాదు మంచం పట్టి, అందుకునే శిష్యుడు లేకపోతే తాలీంఖానా తాళం పడేది. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వరు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ అమరిక మారడం మొదలైంది. 1904-05లో యూజిన్ శాండో మన దేశంలో తిరిగి ప్రదర్శనలిచ్చాడు. అతను కండలే కాదు, డంబెల్సూ పుస్తకాలూ పోస్టులో పాఠాలూ కూడా అమ్మాడు. తరవాత బెంగళూరులో కె.వి. అయ్యర్ కూడా పోస్టులో పాఠాలు పంపాడు. గురువు కవరులో రావడం అలా మొదలైంది. మన దగ్గర అదే కాలంలో కోడి రామ్మూర్తినాయుడు ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, బళ్ళో వ్యాయామం నేర్పిన మనిషి. తరవాత సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీకి చుట్టిన గొలుసులు తెంపి, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకుని ‘కలియుగ భీముడు’ అయ్యాడు. ఆయన బలం మన గర్వం, సందేహం లేదు. కానీ ఆయన జీవితంలోనే బలం రెండు దారులుగా చీలిపోవడం కనిపిస్తుంది: ఒకటి బడి, రెండోది టిక్కెట్టు.

టిక్కెట్టు దారి సినిమాదాకా వెళ్ళింది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో కీచకుడు ఎస్వీ రంగారావుని చంపే భీముడు దండమూడి రాజగోపాలరావు, దేశస్థాయి వెయిట్‌లిఫ్టింగ్ ఛాంపియన్. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆ భీముణ్ణి చూడటానికి హాలుకి వెళ్ళిన జనం బలాన్ని చూశారు, ఈల వేశారు, ఇంటికొచ్చి పడుకున్నారు. బడి దారి ఇంకోలా వెళ్ళింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. వ్యాయామ ఉపాధ్యాయులు తయారవడం, బడుల్లో డ్రిల్లు పీరియడు స్థిరపడటం ఆ బాటలో జరిగినవే. మనందరికీ తెలిసిన డ్రిల్లు మాస్టారు ఆ బాటలో వచ్చినవాడే. చేతిలో విజిల్, హాజరుపట్టీ. రాకపోతే అడిగేవాడు మళ్ళీ దొరికాడు, కానీ పదో తరగతిదాకానే. బడి అయిపోగానే కసరత్తూ అయిపోయింది, ఎందుకంటే అది మనది కాదు, పీరియడుది.

ఇక మూడో దారి చందా. ఇది అమెరికాలో పెరిగింది. 1950ల్లో విక్ టానీ అనే ఆయన మెరిసే అద్దాలతో, కార్పెట్లతో వరసగా జిమ్ములు తెరిచి, వాయిదాల మీద సభ్యత్వాలు అమ్మాడు, జీవితకాలపువి కూడా. 1960ల మొదట్లో ఆ సామ్రాజ్యం కూలిపోయింది కానీ పద్ధతి మిగిలింది. ఆ పద్ధతిలో అసలు కిటుకేమిటో 2006లో డెల్లావిన్యా, మల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. 3 క్లబ్బుల్లో 7,752 మంది సభ్యుల రికార్డులు చూశారు. నెలకి 70 డాలర్లకి పైగా కట్టేవాళ్ళు సగటున నెలకి నాలుగుసార్లకి కాస్త ఎక్కువగా వచ్చారు. అంటే ఒక్కో రాకకి 17 డాలర్ల పైన పడింది. పదిసార్ల పాస్ కొనుక్కుంటే రాకకి 10 డాలర్లే. ఇంకో విషయం, చివరిసారి వచ్చిన రోజుకీ సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకీ మధ్య సగటున రెండు నెలలకి పైగా గడిచింది. ఆ రెండు నెలలూ మనిషి రాలేదు, డబ్బు వచ్చింది.

తాలీంఖానాకీ దీనికీ తేడా ఇక్కడే. రానివాడు వస్తాదుకి తలవంపు. రానివాడు క్లబ్బుకి లాభం, మెషీన్లు అరగవు, ఏసీ బిల్లు పెరగదు.

కొల్లేటి చుట్టుపక్కల జనానికి ఇది బాగా తెలిసిన కథ. 1976-77 ప్రాంతంలో ప్రభుత్వం అక్కడి మత్స్యకారులకీ దళితులకీ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. సంఘంలో పేరున్నవాడు సభ్యుడు, చెరువు సభ్యులది. కొన్నేళ్ళలో చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడి ఉన్నవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. తాటిదోనె మీద గడ వేసి, వల లాగి బతికినవాడి పేరు రిజిస్టర్లో అలాగే ఉంది, చెరువు గట్టు మీద మాత్రం అతను లేడు, ఉన్నా కూలివాడిగా ఉన్నాడు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టేసినప్పుడు ఆ కాగితం సభ్యత్వం అతన్ని ఏ మాత్రం కాపాడిందో వేరే చెప్పక్కర్లేదు. జిమ్ములో పోయేది కొన్ని వేల రూపాయలు, కొల్లేట్లో పోయింది బతుకుతెరువు. రెండింటికీ పోలిక పెట్టడం తూకం కోసం కాదు. పేరు ఉండి మనిషి లేని సభ్యత్వం ఎప్పుడూ ఇంకెవరికో పనికొస్తుంది అని చెప్పడం కోసం.

ఏలూరు జిమ్ముల్లో నాకు ఆసక్తిగా కనిపించేది ఇంకొకటి. ఇక్కడ బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా దానంతటదే డబ్బు కోతపడే పద్ధతి నేను పెద్దగా చూడలేదు. మూడు నెలల ప్యాకేజీ, ఏడాది ప్యాకేజీ, ఫోన్‌పే కొట్టడం, అంతే. గడువు అయిపోగానే సంబంధం తెగిపోతుంది. అక్కడ బద్ధకం క్లబ్బు పక్షాన నిలబడితే, ఇక్కడ రెన్యువల్ రోజున అదే బద్ధకం యజమానికి ఎదురు తిరుగుతుంది. అందుకని అతనికి మళ్ళీ వస్తాదు కావాల్సి వచ్చాడు. కానీ ట్రైనరు తక్కువ జీతానికి విసిగి సభ్యులకన్నా ముందే మానేస్తాడు. అప్పుడు ఆ ఖాళీలోకి వాట్సాప్ వస్తుంది: “హాయ్, మీరు 7 రోజులుగా కనిపించడం లేదు. వుయ్ మిస్ యూ.” ఈ మెసేజీని ఎవరు పంపారో నాకు తెలుసు. ఠంచనుగా రాత్రి నడిచే ఒక చిన్న ప్రోగ్రాం, దాన్ని క్రాన్ జాబ్ అంటారు. నాలాంటివాడే రాసి ఉంటాడు. అది వస్తాదు అడిగిన ప్రశ్నే, ఒక్క అక్షరం తేడా లేదు. తేడా అంతా జవాబు చెప్పకపోతే ఏమవుతుందన్న దాంట్లో ఉంది. ప్రోగ్రాముకి ముఖం చాటేయక్కర్లేదు.

పాత గుమ్మం ఎవరికి మూసి ఉందో ఇందాక అన్నాను. ఆ గుమ్మం తెరుచుకుంటే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట చూపించింది. అక్కడ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లేశ్వరి, 2000 సెప్టెంబరులో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె అక్కచెల్లెళ్ళూ బరువులెత్తినవాళ్ళే. నేర్పేవాడు ఉన్నాడు, పోటీ తేదీ ఉంది, పక్కన తోడుగా అక్క ఉంది. తాలీంఖానాలో ఉన్నవన్నీ ఉన్నాయి, గుమ్మం దగ్గర అడ్డు ఒక్కటే లేదు.

అంత దూరం వెళ్ళక్కర్లేకుండా మా వీధి చివర జిమ్ములోనే ఒకటి గమనించాను. పొద్దున్న పదింటికి, పిల్లల్ని బళ్ళకి పంపేశాక, ఆడవాళ్ళ బ్యాచి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, షుగరు వచ్చినవాళ్ళు, కాన్పు తరవాత ఒళ్ళొచ్చినవాళ్ళు. మగవాళ్ళ బ్యాచిలో మూడు నెలలకోసారి ముఖాలన్నీ మారిపోతాయి. ఈ బ్యాచిలో రెండేళ్ళనుంచి దాదాపు అవే ముఖాలు. యజమాని ఇదంతా తన ఆఫర్ల వల్లే అంటాడు. నేను విన్నది మాత్రం వేరే. మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ ఒకావిడ ఇంకొకావిణ్ణి గట్టిగానే నిలదీస్తోంది: “ఏం వదినా, నిన్న రాలేదేం? ఫోన్ కూడా ఎత్తలేదు?” ఆ వదినగారు సిగ్గుపడుతూ, చుట్టాలొచ్చారని ఏదో చెప్పుకుంటోంది. ఏ ప్యాకేజీలోనూ ఈ ప్రశ్నకి ధర వేయలేదు.