భయావేగము: అంగీకార మార్గము

ఎదుట ప్రమాద మేదియు లేకయే హఠాత్తుగా ప్రాణభయము క్రమ్ముకొని, గుండె దడదడ కొట్టుకొని, ఊపిరి చాలక, చెమటలు పట్టి, కాలుసేతులు తిమ్మిరెక్కి, మరుక్షణమున మరణింతుననియో మతి తప్పుననియో తోచెడి స్థితి భయావేగము. వైద్యులు దీనిని పానిక్ అటాక్ అందురు. జనులు గుండెదడ యనియో దడుపనియో చెప్పుకొందురు. సామాన్యముగా ఇది పది నిమిషములలోపుననే పరాకాష్ఠ నంది, పిదప తనంత తాను తగ్గును. భయమును తరిమివేయ పెనుగులాడక, దానిని రానిచ్చి, ఉండనిచ్చి, పోనిచ్చుటయే శ్రేయమని బోధించు పద్ధతి అంగీకార మార్గము.

భయము కలిగినపుడు అడ్రినలిన్ అను హార్మోను రక్తమున చేరి గుండెవేగమును పెంచును; త్వరత్వరగా ఊపిరి తీయుటచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరిగి, వ్రేళ్లు తిమ్మిరెక్కును. రోగి వీనినే మరణచిహ్నములుగా నెంచి మరింత భయపడగా, ఆ భయము మరల అడ్రినలిన్‌ను పుట్టించును. ఈ విషవలయమును 1986లో ఇంగ్లాండు దేశీయుడగు డేవిడ్ క్లార్క్ శాస్త్రీయముగా విశదీకరించెను.

అమెరికా అంతర్యుద్ధమున పాల్గొన్న సైనికుల గుండెదడను గూర్చి డకోస్టా అను వైద్యుడు 1871లో వ్రాసెను. 1895లో ఫ్రాయిడ్ ఆందోళనను ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. కాని భయముతో పోరాడవలదను మాటను చికిత్సగా మలచినవారిలో అగ్రగణ్యుడు జపాను వైద్యుడు మొరీటా షోమా. యౌవనమున తానే గుండెదడచే బాధపడిన యీయన, భయమును ఉన్నదున్నట్లుగా ఉండనిచ్చి, చేయవలసిన పనిని చేయుమని రోగులకు బోధించెను. ఆయన పద్ధతి 1919 ప్రాంతమున రూపొందెను.

ఆస్ట్రేలియా దేశపు క్లేర్ వీక్స్ చరిత్ర మరింత హృద్యమైనది. జంతుశాస్త్రమున పరిశోధన చేయుచున్న కాలమున ఆమెకు క్షయ యని పొరపాటుగా నిర్ణయింపబడగా, ఆ దిగులుతో గుండె వేగము హెచ్చి, అది నెలల తరబడి ఆమెను వేధించెను. మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగివచ్చిన మిత్రుడొకడు, భయము వలన సైనికులకును అట్లే గుండె కొట్టుకొనెనని చెప్పినపుడు, ఆమె తన బాధకు మూలము గుండె కాదనియు భయమనియు గ్రహించెను. పిదప వైద్యవిద్య నభ్యసించి, 1962లో ప్రకటించిన గ్రంథమున నాలుగు సోపానములను చెప్పెను: భయమును ఎదుర్కొనుట, అంగీకరించుట, దానిపై తేలియుండుట, కాలమునకు వదలుట. ఆమె యుద్దేశించిన యంగీకారము పండ్లు బిగబట్టి సహించుట కాదు. అట్టి సహనము మారువేషము ధరించిన పోరాటమే.

బాధను ఒప్పుకొనుటకు మన తెలుగు నేలపైనను ఒక యుదాహరణ కలదు: ఖమ్మము, భద్రాచలముల యరణ్యసీమలో తన వేదనను దాచక పలికిన మహనీయుడు, రామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్న. నేలకొండపల్లిలో జన్మించి, గోలకొండ నవాబగు తానీషా యేలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారై, శిస్తు సొమ్ముతో భద్రగిరిపై రామాలయమును కట్టించె నను నేరముపై పండ్రెండేండ్లు చెరనుండెనని ప్రసిద్ధి. ఆయన క్లేశమును వ్యాధి యనుట తగదు. చెరసాల కల్పన కాదు, కొరడా కల్పన కాదు. అయినను చెరలోనుండి పలికిన కీర్తనలలో ఆయన ధైర్యవంతుని వేషము వేసికొనలేదు. మొరపెట్టెను, అలిగెను, సీతమ్మకు చేయించిన నగకైన ఖర్చు లెక్క చెప్పి రాముని నిష్ఠురమాడెను, దెబ్బల కోర్వలేక తిట్టితినని మరల మన్నింపు వేడెను. తన దైన్యమును చూచి తాను సిగ్గుపడని యీ నిజాయితీయే, నా యభిప్రాయమున, రామదాసు నేటి రోగికి ఇయ్యగల యమూల్యమైన ఆసరా.

అంగీకార మార్గమునకు హద్దు కలదని నేర్పునదియు ఈ సీమయే. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగెను. అట్టి వేళ భయము సత్యమే పలుకును. మూటాముల్లె కట్టుకొని మెరకకు పోవుటయే వివేకము. వరద తీసిన పిమ్మట, ఆకాశము నిర్మలమై యుండగా, రాత్రివేళ అదే దడ మరల పుట్టినచో, అప్పుడు అంగీకరింపవలసినది ఆ దడను, నీటిని కాదు.

1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథము భయావేగ వ్యాధికి ప్రత్యేక స్థాన మిచ్చెను. స్టీవెన్ హేస్ ప్రభృతులు 1999లో అంగీకారమునకు సమగ్రమైన చికిత్సారూప మొసగిరి. ఔషధములకును ఈ మార్గమునకును వైరము లేదు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందును చెప్పకుండ మానుట ప్రమాదకరము. మొదటిసారి ఛాతీనొప్పి వచ్చినపుడు అది దడ యని తనకు తానే తీర్మానించుకొనక, గుండెను, థైరాయిడ్‌ను పరీక్ష చేయించుకొనవలెను. దూరపు పల్లెలవారు 2022 నుండి నడచుచున్న టెలీ మానస్‌ను 14416 సంఖ్యపై రుసుము లేకయే పిలిచి, తెలుగులో సలహా పొందవచ్చును.